మాన్యువల్ గేరు, ఆటోమేటిక్ గేరు: రోజువారీ డ్రైవింగ్‌కు ఏది?

కారు ఇంజన్ తిరిగే వేగానికీ, చక్రాలు తిరగాల్సిన వేగానికీ పొత్తు కుదిర్చేది గేర్‌బాక్స్. పెట్రోలు, డీజిల్ ఇంజన్లు బండి ఆగి ఉన్నప్పుడు నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతూ ఉంటాయి. అంతకంటే బాగా తగ్గితే ఇంజన్ ఆగిపోతుంది. అసలు లాగుడు కొంత వేగం అందుకున్నాకే వస్తుంది. నిలబడ్డ బండిని కదిలించడానికి బలం కావాలి, హైవే మీద పరుగుకు వేగం కావాలి. ఈ రెండూ ఒకే జత పళ్ల చక్రాలతో సాధ్యం కావు కనుకే ఫస్ట్ నుంచి ఐదో గేరు, ఆరో గేరు దాకా మెట్లు పెట్టారు. ఆ మెట్లు డ్రైవర్ తన ఎడమ చేత్తో, ఎడమ కాలితో మారిస్తే మాన్యువల్, బండే మార్చుకుంటే ఆటోమేటిక్.

భారతదేశంలో పదిహేనేళ్ల క్రితం వరకు ఈ ఎంపిక మధ్యతరగతి కొనుగోలుదారు ముందుకు వచ్చేదే కాదు. ఆటోమేటిక్ అంటే పెద్దవాళ్ల పెద్ద కార్ల సంగతి. ఇప్పుడు చిన్న హ్యాచ్‌బ్యాక్ కూడా రెండు రకాల్లోనూ దొరుకుతోంది. షోరూంలో రంగు తర్వాత అడిగే ప్రశ్న ఇదే. కానీ ఆ ప్రశ్న సగమే. మన మార్కెట్లో ఆటోమేటిక్ అనే ఒక్క పేరుతో నాలుగు వేర్వేరు యంత్రాలు అమ్ముడవుతున్నాయి. వాటి గుణం, ఖర్చు, మరమ్మతు దేని దారి దానిది. ఏ ఆటోమేటిక్, ఏ రోడ్డు మీద, ఎవరి చేతిలో అన్నవి తేలకుండా మాన్యువల్ మేలా, ఆటోమేటిక్ మేలా అని తీర్పు చెప్పడం కుదరదు.

కొంత చరిత్ర

ఫ్రాన్సులో పనార్ ఎ లెవాసోర్ సంస్థ 1891లో ముందు ఇంజన్, మధ్యలో క్లచ్, గేర్‌బాక్స్, వెనక చక్రాలకు చలనం అనే అమరికను రూపొందించింది. తర్వాతి కార్లకు చాలాకాలం అదే నమూనా అయింది. ఆ రోజుల్లో గేరు మార్చడం నైపుణ్యమున్న పని. తిరుగుతున్న రెండు పళ్ల చక్రాల వేగాన్ని డ్రైవరే చెవితో పోల్చుకుని కలపాలి, లేదంటే గర్రుమనేది. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చి ఆ బాధ తీర్చింది. పళ్లు కలవక ముందే రాపిడితో రెండింటి వేగాన్నీ సమం చేసే ఏర్పాటు అది. నేడు మనం నడిపే ప్రతి మాన్యువల్ కారులోనూ అది ఉంది.

ఆటోమేటిక్‌కు మూలం ఓడల్లో ఉంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ నూనె ప్రవాహంతో ఒక ఇరుసు బలాన్ని మరో ఇరుసుకు అందించే పద్ధతికి 1905లో పేటెంటు పొందాడు. ఓడల టర్బైన్లకోసం పుట్టిన ఆ ఆలోచన ఆధారంగానే జనరల్ మోటార్స్ 1939లో హైడ్రామాటిక్‌ను తెచ్చి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టింది. భారీగా తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ అదే. 1948లో బ్యూక్ డైనాఫ్లో, కదిలే క్షణంలో బలాన్ని పెంచి ఇచ్చే నూనె పెట్టె అయిన టార్క్ కన్వర్టర్‌ను జనంలోకి తెచ్చింది. ఆనాటి ఆటోమేటిక్‌లు బలాన్నీ పెట్రోలునూ కొంత మింగేవి. పెద్ద ఇంజన్లు, చవక పెట్రోలు ఉన్న అమెరికాకు అది బరువనిపించలేదు. చిన్న ఇంజన్లు, ఖరీదైన పెట్రోలు ఉన్న ఐరోపా, భారత్ మాన్యువల్‌నే పట్టుకున్నాయి.

మన దగ్గర అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఆ రాడ్డును కింద, రెండు సీట్ల మధ్యకు దించి, తేలికైన క్లచ్‌ను అలవాటు చేసింది. తర్వాతి దశాబ్దంలో మారుతి జెన్ వంటి కొన్ని కార్లలో ఆటోమేటిక్ వచ్చినా ధర, మైలేజీ చూసి జనం వెనక్కి తగ్గారు. మలుపు తిప్పింది 2014 ఫిబ్రవరిలో వచ్చిన మారుతి సెలెరియో. అందులోని ఏఎంటీ, అంటే క్లచ్, గేరు పనులను యంత్రమే చేసే మాన్యువల్ గేర్‌బాక్స్, తక్కువ ధరకు, మాన్యువల్‌తో సమానమైన మైలేజీకి ఆటోమేటిక్‌ను అందించింది. అదే ఏడాది టాటా జెస్ట్ డీజిల్‌లో, మరుసటి ఏడాది నానోలోనూ ఏఎంటీ వచ్చేసింది.

మాన్యువల్: క్లచ్ దగ్గరే అంతా

మాన్యువల్ కారు నడపడంలో ఉన్న సుఖమూ కష్టమూ రెండూ క్లచ్ దగ్గరే ఉన్నాయి. పెడల్ తొక్కితే ఇంజన్ నుంచి గేర్‌బాక్స్ విడిపోతుంది, వదిలితే కలుస్తుంది. మధ్యలో ప్లేటు జారుతూ పట్టుకునే స్థితినే హాఫ్ క్లచ్ అంటారు. ప్లేటు అరిగేది అక్కడే.

సాయంత్రం వేళ ఫ్లైఓవర్ ఎక్కే ఏటవాలులో ట్రాఫిక్ ఆగిందనుకోండి. ముందు బండి రెండడుగులు కదులుతుంది. మాన్యువల్ డ్రైవర్ హ్యాండ్ బ్రేక్ పట్టి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్‌ను ఆ పట్టు దొరికే చోటి దాకా వదులుతాడు. ఇంజన్ చప్పుడు మారి, బానెట్ కొద్దిగా లేచినట్టు తెలియగానే ఎక్సలేటర్ కాస్త ఇచ్చి హ్యాండ్ బ్రేక్ దించుతాడు. బండి రెండడుగులు వెళ్లి ఆగుతుంది. మళ్లీ అదే. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లే మనిషి ఈ పని లెక్కలేనన్ని సార్లు చేస్తాడు. చేయి తిరిగిన డ్రైవర్‌కు కూడా ఎడమ మోకాలు లాగుతుంది. హ్యాండ్ బ్రేక్ వాడకుండా క్లచ్ మీదే బండిని నిలబెట్టే అలవాటున్నవారికి కాలిన వాసన ముందొస్తుంది, తర్వాత మెకానిక్ బిల్లు వస్తుంది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చాల్సిందే. ఒకే మోడల్ కారులో ఒకరి క్లచ్ లక్ష కిలోమీటర్లు నడిస్తే ఇంకొకరిది అందులో సగానికే పోవడానికి కారణం ఎడమ పాదమే.

ఇక లాభాలు చిన్నవి కావు. ధర తక్కువ. ఏ ఊళ్లోనైనా మెకానిక్ దొరుకుతాడు. బ్యాటరీ దిగిపోతే నలుగురు తోసి, సెకండ్ గేరులో క్లచ్ వదిలితే సాధారణంగా స్టార్ట్ అవుతుంది. ఆటోమేటిక్‌లో ఆ దారి లేదు. ఓవర్‌టేక్ చేసేముందు డ్రైవర్ ముందుచూపుతో గేరు దించి సిద్ధంగా ఉండగలడు. బురదలో, ఇసుకలో ఇరుక్కున్నప్పుడు చక్రాలకు ఎంత బలం ఇవ్వాలో కాలికే తెలుస్తుంది. పల్లె దారుల్లో తిరిగే మహీంద్రా బొలెరో నేటికీ మాన్యువల్‌లోనే వస్తోంది. 2023లో తిరిగి వచ్చిన డీజిల్ ఇన్నోవా క్రిస్టా కూడా 5 గేర్ల మాన్యువల్‌తో మాత్రమే వచ్చింది. రోజంతా బాడుగకు తిరిగే బండికి ఆ సాదాతనమే భరోసా.

ఆటోమేటిక్ ఒకటి కాదు

ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. అదే క్లచ్ ప్లేటు, అవే పళ్ల చక్రాలు. క్లచ్ తొక్కే పనీ, రాడ్డు కదిపే పనీ మాత్రం కంప్యూటర్ ఆజ్ఞతో ఒక యంత్రం చేస్తుంది. అందుకే చవక, అందుకే మైలేజీ తగ్గదు. గేరు మారే క్షణంలో మాన్యువల్‌లో లాగానే ఇంజన్ చక్రాల నుంచి విడిపోతుంది. డ్రైవర్ దానికి సిద్ధంగా ఉండడు కనుక తల ముందుకు ఊగినట్టవుతుంది. సెకండ్, థర్డ్ మధ్య, అదీ గట్టిగా తొక్కినప్పుడు బాగా తెలుస్తుంది. బండి గేరు మార్చబోతోందని అనిపించగానే ఎక్సలేటర్ మీది పాదాన్ని కొద్దిగా తేలిక చేస్తే ఆ ఊపు చాలావరకు పోతుంది. కొత్తలో విసుగు తెప్పించే ఏఎంటీ వారం తిరిగేసరికి లొంగేది ఈ కిటుకుతోనే.

ఏఎంటీ కొన్నవారికి అమ్మినవారు తరచూ చెప్పని సంగతులు రెండున్నాయి. మొదటిది, చాలా ఏఎంటీ కార్లలో పార్కింగ్‌కు ‘పీ’ స్థానం ఉండదు. హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేయాలి, ఏటవాలులో అయితే బండిని గేరులో ఉంచి ఇంజన్ ఆపాలి. రెండోది, ఎత్తులో ఆగినప్పుడు ఎక్సలేటర్ కొద్దిగా నొక్కి బండిని నిలబెట్టకూడదు. కాలు క్లచ్ మీద లేకపోయినా లోపల ప్లేటు జారుతూ అరుగుతూనే ఉంటుంది. బ్రేక్ మీదే ఉండాలి. క్లచ్ మార్చాల్సి వచ్చినప్పుడు కొత్త ప్లేటు పట్టే చోటును స్కానర్‌తో కంప్యూటర్‌కు నేర్పించాలి కాబట్టి రోడ్డు పక్క షెడ్డులో ఆ పని అవ్వదు.

టార్క్ కన్వర్టర్‌ది పాత బాట. నూనె నిండిన గుండ్రటి పెట్టెలో ఒక ఫ్యాను తిరిగితే ఆ నూనె తాకిడికి ఎదుటి ఫ్యాను తిరుగుతుంది. అరిగే క్లచ్ ప్లేటు మీద కాకుండా నూనె మీద బండి కదులుతుంది. కదిలే క్షణంలో ఇంజన్ బలాన్ని ఇది పెంచి ఇస్తుంది కనుక ఏటవాలులో, నిండు లోడులో తడబడదు. బ్రేక్ వదిలితే చాలు, నడక వేగంతో ముందుకు పాకుతుంది. పాత 4 గేర్ల రకం మైలేజీ తినేది. నేటి 6 గేర్ల రకంలో వేగం అందుకోగానే రెండు ఫ్యాన్లనూ బిగించే తాళం ఉండటంతో ఆ నష్టం బాగా తగ్గింది. రోజూ ట్రాఫిక్‌లో ఏళ్ల తరబడి నడపాల్సిన బండికి నాలుగింటిలో అన్నిటికంటే నమ్మకమైనది ఇదే.

సీవీటీలో మెట్లే లేవు. వెడల్పు మారే రెండు పుల్లీల మధ్య ఒక ఉక్కు బెల్టు జారుతూ నిష్పత్తిని నిరంతరం మారుస్తుంది. 1958లో డచ్ సంస్థ డాఫ్ తన చిన్న కారులో రబ్బరు బెల్టుతో ఈ పద్ధతిని జనానికి అందించింది. మన దగ్గర హోండా సిటీ, అమేజ్ దీన్ని పరిచయం చేశాయి. నగరంలో దీనంత మెత్తగా సాగేది ఇంకోటి లేదు, వెనక సీట్లో పసిపిల్లలు నిద్ర లేవరు. హైవే మీద ఒక్కసారిగా తొక్కితే మాత్రం ఇంజన్ చప్పుడు ముందు లేచి, వేగం తర్వాత వస్తుంది. జోరుగా నడిపేవారికి అది నచ్చదు.

డీసీటీలో రెండు క్లచ్‌లు. ఒకటి బేసి గేర్లకు, రెండోది సరి గేర్లకు. మూడో గేరులో ఉండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది, అందుకే మార్పు క్షణంలో అయిపోతుంది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో మామూలు రోడ్ల మీదకు వచ్చిన ఈ విద్య, 2013లో పోలో జీటీ టీఎస్ఐతో మన మధ్యతరగతికి అందింది. దీంట్లో పొడి, తడి అని రెండు రకాలున్నాయి. పొడి క్లచ్‌కు గాలే చల్లదనం. గంటల తరబడి పాకే ట్రాఫిక్‌లో అది వేడెక్కుతుంది. బండి ఆపి చల్లారనివ్వమని డ్యాష్‌బోర్డు హెచ్చరించిన అనుభవం చాలామంది యజమానులకు ఉంది. 2022లో టాటా ఆల్ట్రోజ్‌లో వచ్చిన రకంలో క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. డీసీటీ కొనదలచినవారు అది పొడిదా తడిదా అని ముందే అడగాలి.

ఈ నాలుగింటికీ మాన్యువల్‌కూ నడుమ ఇంకొకటుంది. 2020లో హ్యుందయ్ వెన్యూలో వచ్చిన ఐఎంటీలో గేరు రాడ్డు డ్రైవర్ చేతిలోనే ఉంటుంది, క్లచ్ పెడల్ మాత్రం ఉండదు. మోకాలికి హాయి, చేతికి పని తప్పదు.

మైలేజీ, ఖర్చు

ఆటోమేటిక్ ఎక్కువ పెట్రోలు తాగుతుందన్న మాట ఒకప్పుడు నిజం, ఇప్పుడు అన్నిటి విషయంలో కాదు. 2024లో వచ్చిన స్విఫ్ట్ పరీక్షా మైలేజీ మాన్యువల్‌కు లీటరుకు 24.80 కిలోమీటర్లయితే ఏఎంటీకి 25.75. అదే ఏడాది చివర వచ్చిన హోండా అమేజ్ మాన్యువల్ 18.65, సీవీటీ 19.46. ఇవి పరీక్షాశాల లెక్కలు, రోడ్డు మీద తగ్గుతాయి. అయినా రెండింటి తేడా ఎటువైపుందో అవి చెబుతాయి. కంప్యూటర్ ఎప్పుడూ పొదుపైన గేరునే వెతుక్కుంటుంది. మాన్యువల్‌లో ఆ పొదుపు డ్రైవర్ అలవాటు మీద ఆధారపడుతుంది.

ధర దగ్గర మాత్రం తేడా స్పష్టం. ఏఎంటీకి మాన్యువల్ కంటే సుమారు అర లక్ష, టార్క్ కన్వర్టర్‌కో సీవీటీకో సుమారు లక్ష, కొన్నింట్లో లక్షన్నర అదనం. ఈ సొమ్ము మైలేజీలో తిరిగి వస్తుందని లెక్క వేయకూడదు. అది కాలి నొప్పి తగ్గించుకోవడానికి ఇచ్చే డబ్బు, ట్రాఫిక్‌లో రోజూ గడిపేవారికి సరైన ఖర్చే. నిర్వహణలో ముఖ్యమైనది నూనె. టార్క్ కన్వర్టర్ నూనె వేరు, సీవీటీ నూనె వేరు, ఒకటి పోయాల్సిన చోట ఇంకోటి పోస్తే గేర్‌బాక్స్ పాడవుతుంది. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బండి దారిలో ఆగిపోతే చాలా ఆటోమేటిక్‌లను తాడు కట్టి ఈడ్చకూడదు, చలనం అందే చక్రాలు నేలకు తగలకుండా లారీ మీదకు ఎక్కించాలి.

ఘాట్ రోడ్డు మీద

తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు. 1944లో తెరిచిన మొదటిది ఇప్పుడు కొండ దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి. ఎక్కేటప్పుడు ఏ గేరైనా ఎక్కిస్తుంది. డ్రైవర్ విద్య తెలిసేది దిగేటప్పుడు. అనుభవమున్న డ్రైవర్ సెకండ్‌లో వేసి, ఎక్సలేటర్ వదిలేసి, ఇంజన్ పట్టుతోనే బండిని దించుతాడు. బ్రేక్ మలుపుల దగ్గరే తాకుతాడు. పక్కన కొత్త డ్రైవర్ బండి నాలుగో గేరులో, బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతుంటే చక్రాల నుంచి వాసన వస్తుంది. బ్రేకులు వేడెక్కితే పట్టు తగ్గుతుంది, కింది మలుపుల్లో అదే ప్రాణం మీదకు తెస్తుంది.

ఆటోమేటిక్‌ను ‘డీ’లో ఉంచి కొండ దిగితే ఎక్సలేటర్ వదలగానే పై గేరుకు వెళ్లిపోయే రకాలున్నాయి. అప్పుడు ఇంజన్ పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. రాడ్డు పక్కన ఉన్న ‘ఎమ్’, ‘ఎల్’, ‘2’ గుర్తులు ఇందుకే. ‘ఎమ్’లో పెట్టి గేరును మనమే సెకండ్‌కు దించుకోవచ్చు. సీవీటీలో ‘ఎల్’ ఆ పని చేస్తుంది. అరకు వెళ్లే అనంతగిరి ఘాట్, శ్రీశైలం దారి, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే దారి, అన్నిటికీ ఇదే సూత్రం. ఏ రకమైనా సరే, న్యూట్రల్‌లో కొండ దిగడం చాలా ప్రమాదం. పెట్రోలు మిగులుతుందని అలా దిగేవారికి ఒక మాట: నేటి ఇంజన్లు గేరులో ఉండి, ఎక్సలేటర్ వదిలి దిగుతున్నప్పుడు పెట్రోలు చిమ్మడం దాదాపు ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజన్ తిరగడానికే పెట్రోలు ఖర్చవుతుంది.

ఎవరు నడుపుతారు

మోటారు వాహనాల చట్టం 1988 లైసెన్సులో గేరు ఉన్న మోటార్ సైకిల్‌ను, గేరు లేనిదాన్ని వేరు చేసింది. కార్లకు అలాంటి విభజన లేదు. ఆటోమేటిక్ నడిపి లైసెన్సు తెచ్చుకున్నవారు మాన్యువల్‌నూ నడపవచ్చు. బ్రిటన్‌లో అలా కాదు, ఆటోమేటిక్‌లో పరీక్ష ప్యాసైతే మాన్యువల్ నడిపే హక్కు రాదు. యుఏఈలోనూ ఆ తేడా పాటిస్తారు. ఉద్యోగానికి దుబాయికో లండన్‌కో వెళ్లదలచినవారు ఇక్కడ మాన్యువల్ చేయి తిరిగేలా నేర్చుకుని వెళ్లడం మంచిది. అమెరికాలో దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లే కావడంతో అక్కడ డ్రైవింగ్ నేర్చుకున్న తెలుగు పిల్లలు సెలవులకు ఊరొచ్చి నాన్న మాన్యువల్ కారు తీయడానికి తడబడుతుంటారు.

ఇంట్లో ఒక్క కారే ఉంటే అందరి కాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ, క్లచ్ భయంతో డ్రైవింగ్ మానేసిన అక్క, ఎడమ కాలికి వైకల్యం ఉన్న తమ్ముడు ఆటోమేటిక్‌తో సొంతంగా బయటికి వెళ్లగలుగుతారు. నా దృష్టిలో మైలేజీ, ధర అనే వాదనలన్నిటికంటే ఇది బరువైనది. ఒకరికి స్వేచ్ఛగా తిరిగే వీలు కలిగించే యంత్రాన్ని బద్ధకస్తుల బండి అనడం తప్పు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆటోమేటిక్‌లో ఉన్నవి రెండే పెడళ్లు, రెండూ కుడి కాలికే. ఎడమ కాలికి పని లేదు. మాన్యువల్ అలవాటుతో ఎడమ కాలు క్లచ్ అనుకుని బ్రేకును ఒక్కసారిగా తొక్కేయడం, గాభరాలో బ్రేకు బదులు ఎక్సలేటర్ నొక్కేయడం కొత్తవారికి జరుగుతుంటాయి. సెల్లార్ పార్కింగ్‌లో గోడలు గుద్దిన కథలు ఎక్కువగా ఇలాంటివే. ఖాళీ మైదానంలో కొన్ని రోజులు కుడి కాలితోనే సాధన చేయాలి.

ఎలక్ట్రిక్ కారు ఈ చర్చనే పక్కకు నెట్టేస్తోంది. మోటారు నిలబడ్డ చోటు నుంచే పూర్తి బలం ఇస్తుంది, క్లచ్ అక్కర్లేదు, గేర్ల మెట్లు అక్కర్లేదు. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీలో ఉన్నది ఒకే స్థిర నిష్పత్తి. ఎక్సలేటర్ వదిలితే మోటారే బండిని నెమ్మదింపజేసి, ఆ శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుంది.

ఏది కొనాలి

అమీర్‌పేట, పంజాగుట్ట, బెంజి సర్కిల్ వంటి చోట్ల రోజూ చిక్కుకునేవారికి ఆటోమేటిక్ మేలు. సొమ్ముంటే టార్క్ కన్వర్టర్ లేదా సీవీటీ, బడ్జెట్ బిగువైతే ఏఎంటీ. పొడి క్లచ్ డీసీటీ ఈ దారులకు సరిపోదు. వారంలో ఒకటి రెండు రోజులే బండి తీసేవారికి, సర్వీస్ సెంటర్ యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లవారికి, బాడుగ బండ్లకు, నడపడంలో ఆనందం వెతుక్కునేవారికి మాన్యువల్ ఇప్పటికీ సరైనదే. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదే ఎక్కువగా తిరిగే మనిషికి రెండింటిలో ఏదైనా ఒకటే, అక్కడ గేరు మార్చే పని తక్కువ.

బుక్ చేసేముందు షోరూం వాళ్లు చూపించే ఖాళీ రోడ్డు మీది టెస్ట్ డ్రైవ్‌తో సరిపెట్టుకోకండి. సాయంత్రం ఆరు గంటలకు, మీరు రోజూ వెళ్లే దారిలోనే నడుపుతానని అడగండి. ఫ్లైఓవర్ ఎత్తులో ఒకసారి ఆపి తిరిగి కదిలించండి, మీ సెల్లార్ ర్యాంపు మీదకు రివర్స్‌లో ఎక్కించండి. ఆ బండిని ఎక్కువగా నడపబోయేది మీరు కాకపోతే, నడపబోయేవారినే ఆ సీట్లో కూర్చోబెట్టండి.